క్యాడ్ లైబ్రరీ మారుస్తుంటే ఏది వెంట వస్తుంది, ఏది ఆగిపోతుంది

ఆర్కిటెక్ట్ ఆఫీసులో డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ (క్యాడ్) మార్చాలనుకున్నప్పుడు చర్చంతా లైసెన్స్ ధర మీద, కొత్తది నేర్చుకోవడానికి పట్టే టైమ్ మీద నడుస్తుంది. ఏళ్ల తరబడి పోగైన తలుపులు, కిటికీలు, మెట్లు, బాత్రూమ్ ఫిట్టింగులు, తులసికోట, సంపు మూత, టైటిల్ బ్లాకు, ఈ రెడీమేడ్ బొమ్మల లైబ్రరీ అంతా ఆఖర్న గుర్తొస్తుంది. "దానికేముంది, కన్వర్ట్ కొట్టేస్తే వచ్చేస్తాయి" అని ఎవరో ఒకరు తేల్చేస్తారు. కన్వర్ట్ కొడతారు. ఫైళ్లు తెరుచుకుంటాయి, బొమ్మలు కనిపిస్తాయి. పని మొదలయ్యాక ఒక్కో సమస్యా బయటపడుతుంది. తలుపు పెడితే గోడ తెగదు. వెడల్పు మారిస్తే రెక్క సాగదు. షెడ్యూల్లో (తలుపులు, కిటికీల జాబితాలో) తలుపుల లెక్క తప్పుతుంది.

కన్వర్టర్‌ని తిట్టుకుని లాభం లేదు. అది మోయగలిగింది అది మోసింది, అంటే ఆకారాన్ని. ఆఫీసు ఇన్నేళ్లు కష్టపడి కూడబెట్టిన అసలు సొత్తు మాత్రం ఆ ఆకారం వెనకున్న నియమాల్లో, పేర్లలో, లెక్కల్లో ఉంది. వాటిని ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో తీరులో దాచుకుంటుంది. అందుకే మార్పిడి మొదలుపెట్టేముందు ఏ కన్వర్టర్ మంచిదో వెతకడం కంటే, ఒక్కో వస్తువులో ఏది బతికి బయటపడాలో తేల్చుకోవడం ముఖ్యం.

ఒక తలుపు, నాలుగు రకాల తర్కం

ఆటోక్యాడ్ 1982 డిసెంబరులో వచ్చింది. అందులో బ్లాకు అంటే ప్రధానంగా గీతల కట్ట: ఒక పేరు, ఒక బేస్ పాయింటు (బ్లాకుని పట్టుకుని పెట్టే చోటు), లోపల గీతలు, కావాలంటే అట్రిబ్యూట్ల రూపంలో కొంత సమాచారం. ఆటోక్యాడ్ 2006తో డైనమిక్ బ్లాకులు వచ్చాయి. ఒకే తలుపు బ్లాకుని లాగి వెడల్పు పెంచొచ్చు, కుడి ఎడమలు తిప్పొచ్చు, ఒంటి రెక్క నుంచి జంట రెక్కలకు మార్చొచ్చు. దీని తర్కం సులువైనదే: ఒక పట్టు, దాన్ని లాగితే జరగాల్సిన పని. అయితే ఈ తలుపుకి గోడ అనేది ఒకటుందని తెలియదు. గోడ గీతల్ని కత్తిరించే పని డ్రాఫ్ట్స్‌మన్‌దే.

రెవిట్ తలుపు పుట్టుకే వేరు. రెవిట్ 2000లో వేరే సంస్థ నుంచి వచ్చింది, 2002లో ఆటోడెస్క్ దాన్ని 13.3 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఆటోక్యాడ్, రెవిట్ ఒకే కంపెనీవి కాబట్టి ఒకదాని వస్తువులు ఇంకోదాంట్లోకి సాఫీగా వెళ్తాయనుకునేవాళ్లు చాలామంది. ఆ ఆశకి ఆధారం లేదు. రెవిట్‌లో తలుపు ఒక ఫ్యామిలీ. దానికి గోడే ఆధారం, గోడ లేకుండా నిలబడదు. కనబడని రిఫరెన్స్ ప్లేన్లు, వాటి మధ్య కొలతలు, ఆ కొలతల మీద ఫార్ములాలు ఉంటాయి. గీతలు ఆ ప్లేన్లకు తాళం వేసి ఉంటాయి. వెడల్పు మారిస్తే ప్లేన్లు జరుగుతాయి, వాటితోపాటే రెక్క, ద్వారబంధం, గోడలో రంధ్రం కూడా సర్దుకుంటాయి. ప్లాన్‌లో కనిపించే రెక్క తెరుచుకునే ఆర్క్ 3డీ వస్తువు కాదు, ప్లాన్ కోసం విడిగా గీసిన సింబాలిక్ గీత.

ఆర్కిక్యాడ్‌ది మూడో దారి. బుడాపెస్ట్‌లోని గ్రాఫిసాఫ్ట్ తన వస్తువులన్నిటినీ జీడీఎల్ అనే చిన్న ప్రోగ్రామింగ్ భాషలో రాయిస్తుంది. 2డీకి ఒక స్క్రిప్టు, 3డీకి ఒకటి, కొలతలను అదుపు చేయడానికి ఇంకొకటి. తలుపు అంటే అక్కడ గీయడానికి ఇచ్చిన ఆదేశాల వరుస. బేసిక్ భాషలో రెండు మూడు ప్రోగ్రాములు రాసినవాళ్లకి చూడగానే పోలిక తెలుస్తుంది. (ఆ భాషలో ఎత్తుకి పెట్టిన పేరు జెడ్ జెడ్ వై జెడ్ ఎక్స్. ఎందుకలా పెట్టారో కానీ, ఒకసారి చూస్తే మరిచిపోలేం.)

స్కెచప్‌లో తలుపు ఒక కాంపోనెంట్. డైనమిక్ కాంపోనెంట్ అయితే ఎక్సెల్ షీటులో గడుల్లాగా ఒక్కో ముక్కకి ఫార్ములాలు తగిలించి ఉంటాయి. గోడకి అతుక్కుని రంధ్రం కోసే గుణం దానికీ ఇవ్వొచ్చు, కానీ అది కోసేది అతుక్కున్న ఒక్క ముఖాన్నే. స్కెచప్‌కి గోడ అంటే రెండు విడి ముఖాలు కాబట్టి, అవతలి ముఖం మూసే ఉంటుంది. దాన్ని చేత్తో తెరవాలి.

పట్టు లాగితే జరిగే పని, ప్లేన్లకు వేసిన తాళాలు, ఆదేశాల వరుస, గడుల్లో ఫార్ములాలు. ఈ నాలుగు రకాల తర్కాల మధ్య అనువాదం చేసే సాధనం లేదు. ఏ ఎక్స్‌పోర్టు చేసినా ఆ క్షణాన తలుపు ఏ కొలతలో ఉందో ఆ ఒక్క స్థితి గట్టిపడి బయటకొస్తుంది. కూర గిన్నె పక్కింటికి చేరుతుంది గానీ, వండిన చెయ్యి వెళ్లదు.

డీడబ్ల్యూజీ నుంచి డీడబ్ల్యూజీకి

డీడబ్ల్యూజీ అంటే ఆటోక్యాడ్ ఫైలు రూపం. అదే రూపాన్ని వాడే ఇంకో ప్రోగ్రాముకి మారడం సులువైన దారి, అందుకే ఇక్కడ జనం ఏమరుపాటుగా ఉంటారు. ఆటోడెస్క్ 2016 ఫిబ్రవరి నుంచి విడి సాఫ్ట్‌వేర్లకు శాశ్వత లైసెన్సులు అమ్మడం ఆపేసి చందా పద్ధతికి వెళ్లాక, చిన్న ఆఫీసులు బ్రిక్స్‌క్యాడ్, జెడ్‌డబ్ల్యూక్యాడ్, జీస్టార్‌క్యాడ్ లాంటివాటివైపు చూడటం పెరిగింది. డ్రాఫ్ట్‌సైట్ ఉచిత కూర్పు మీద బండి నడిపినవాళ్లకి 2019 ఆఖరుతో ఆ దారీ మూసుకుపోయింది.

డీడబ్ల్యూజీ లోపలి నిర్మాణాన్ని ఆటోడెస్క్ బహిరంగంగా పంచుకోలేదు. 1998లో మొదలైన ఓపెన్ డిజైన్ అలయన్స్ దాన్ని విప్పి చదివి, ఇతర కంపెనీలు వాడుకునే లైబ్రరీలు తయారుచేసింది. 2006లో ఆ కూటమి మీద ఆటోడెస్క్ కోర్టుకెళ్లింది, మరుసటి ఏడాది రాజీ పడింది. చివరికి 2020లో తానే అందులో సభ్యురాలై చేరింది. ఇంత గొడవ గడిచాక ఈరోజు మామూలు గీతలు, లేయర్లు (గీతల్ని విడదీసి పెట్టే పొరలు), సాదా బ్లాకులు దాదాపు చెక్కుచెదరకుండా అటూ ఇటూ తిరుగుతున్నాయి. దెబ్బ తగిలేది అంచుల దగ్గర.

మొదటి దెబ్బ యూనిట్లది. బ్లాకు ఫైలులో దాని కొలత అంగుళాలా, మిల్లీమీటర్లా అని చెప్పే ఒక సెట్టింగు ఉంటుంది, పేరు ఇన్‌సయూనిట్స్. విలువ 1 అయితే అంగుళాలు, 2 అడుగులు, 4 మిల్లీమీటర్లు, 6 మీటర్లు. 0 అయితే యూనిట్ చెప్పలేదని అర్థం. చాలా పాత లైబ్రరీల్లో ఈ సున్నాయే కనిపిస్తుంది. మన దగ్గర ఇంటి యజమానితో మాట అడుగుల్లో, స్థలం గజాల్లో, మున్సిపల్ డ్రాయింగు మీటర్లలో ఉంటుంది కాబట్టి ఒకే ఆఫీసు లైబ్రరీలో మూడు రకాల బ్లాకులు కలిసి ఉండటం వింతేమీ కాదు. అంగుళాల్లో గీసిన కమోడ్‌ని మిల్లీమీటర్ల డ్రాయింగులో వేస్తే 25.4 రెట్లు చిన్నదై చీమలా పడుతుంది. కనిపించే తప్పు కాబట్టి ఫరవాలేదు. ఎవరో దాన్ని 25 రెట్లు పెంచి "సరిపోయింది" అనుకుని లైబ్రరీలో సేవ్ చేసినప్పుడే చిక్కు. ఆ ఒకటిన్నర శాతం తేడా కంటికి ఆనదు.

రెండోది డైనమిక్ బ్లాకులది. డైనమిక్ బ్లాకుని ఒక్కసారి లాగి కొలత మార్చగానే, ఆటోక్యాడ్ లోపల ఆ స్థితికి నక్షత్రం గుర్తుతో మొదలయ్యే అనామక బ్లాకు ఒకటి సృష్టిస్తుంది. అసలు పేరు వెనకాల గుర్తుంచుకుంటుంది. ఈ సంగతి తెలిసిన ప్రోగ్రాములో సమస్య లేదు. తెలియని ప్రోగ్రాములో, లేదా డ్రాయింగుని పాత డీఎక్స్ఎఫ్‌గా (ప్రోగ్రాముల మధ్య మార్పిడికి వాడే ఫైలు రూపం) సేవ్ చేసినప్పుడు, అసలు పేరు రాలిపోయి అనామక పేర్లే మిగులుతాయి. నలభై తలుపులున్న అపార్ట్‌మెంట్ ప్లాన్‌లో తలుపుల లెక్క తీస్తే పన్నెండు రకాల అర్థంకాని పేర్లు వస్తాయి. బీవోక్యూ (పనుల, సామాన్ల పరిమాణాల పట్టిక) తయారుచేసేవాళ్లకి అసలు టెన్షన్ అప్పుడు మొదలవుతుంది.

అక్షరాల సంగతి తెలుగువాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. ఆటోక్యాడ్‌తో వచ్చే ఎస్‌హెచ్ఎక్స్ ఫాంట్లలో తెలుగు ఉండదు. అందుకని "తూర్పు", "దక్షిణ సింహద్వారం" లాంటి మాటలు, యజమాని పేరు తెలుగులో వేయాల్సివస్తే, యూనికోడ్ అలవాటు లేని రోజుల్లో అను లాంటి ఫాంట్లతో టైపు చేసేవారు. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం వెనక ఉన్నది నిజానికి ఇంగ్లిష్ అక్షరమో ఏదో గుర్తో. కొత్త కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే టైటిల్ బ్లాకంతా పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. కన్వర్టర్‌కి ఇది తప్పని తెలియదు, ఎందుకంటే దాని దృష్టిలో ఆ ఇంగ్లిష్ అక్షరాలు సరిగానే వచ్చాయి. ఇలాంటి బ్లాకుల్ని మార్చడం దండగ. అక్షరాల్ని యూనికోడ్‌లో మళ్లీ టైపు చేసి, తెలుగున్న ట్రూటైప్ ఫాంటు పెట్టడమే మందు.

ఇంకొకటి, తేలిగ్గా దాటేసేది: టూల్ ప్యాలెట్లు. ప్యాలెట్‌లో కనిపించే బ్లాకు బొమ్మ కేవలం ఒక చిరునామా, అసలు బ్లాకు ఏదో ఫోల్డర్‌లోని డీడబ్ల్యూజీలో ఉంటుంది. ప్యాలెట్‌ని కాపీ చేసి ఫోల్డర్ వదిలేస్తే కొత్త చోట బొమ్మలుంటాయి, నొక్కితే ఏమీ రాదు. బ్లాకులతోపాటు సొంత హ్యాచ్ (ఖాళీని నింపే గీతల) ఫైళ్లు, లైన్‌టైపులు, ప్లాట్ స్టైళ్లు (ప్రింటు సెట్టింగులు) కూడా విడి ఫైళ్లేనని చాలామందికి ప్రింటు తప్పొచ్చాకే తెలుస్తుంది.

రెవిట్‌లోకి వెళ్తుంటే

ఆటోక్యాడ్ బ్లాకుని తెచ్చి రెవిట్ ఫ్యామిలీలో ఇంపోర్ట్ చేసి, ఎక్స్‌ప్లోడ్ కొట్టి (విడి గీతలుగా విడగొట్టి), సేవ్ చేయడం చాలా ఆఫీసుల్లో జరిగే పని. నా మాట వింటే ఆ పని అసలు చేయొద్దు. ఇంపోర్టుతోపాటు అవసరంలేని లైన్ స్టైళ్లు, ప్యాట్రన్లు ఫ్యామిలీలోకి, అక్కణ్నుంచి ప్రాజెక్టులోకి పాకుతాయి. గీతల మందాన్ని రెవిట్ డీడబ్ల్యూజీ రంగుల్ని బట్టి నిర్ణయిస్తుంది కాబట్టి మీ ప్రింటు తీరు మారిపోతుంది. సుమారు 0.8 మిల్లీమీటరు కంటే పొట్టి గీతని రెవిట్ గీయనివ్వదు. సోఫా మూలలు గుండ్రంగా కనిపించాలని చిన్న చిన్న ముక్కలతో గీసిన బ్లాకులు అక్కడ విరిగిపోతాయి. బేస్ పాయింటుకి కిలోమీటర్ల దూరంలో గీసిన బ్లాకులు మరో తలనొప్పి.

డీడబ్ల్యూజీని ఒక ప్రాజెక్టు ఫైలులోకి లింకు చేసి, దాని కొలతలు చూసుకుంటూ ఫ్యామిలీని కొత్తగా గీయడమే సరైన పద్ధతి. పని ఎక్కువలా కనిపిస్తుంది గానీ తలుపులు, కిటికీల్లాంటి వాటిలో ఫ్యామిలీల సంఖ్య తక్కువే. డజను తలుపు బ్లాకులు రెవిట్‌లో రెండు మూడు ఫ్యామిలీలవుతాయి, మిగతావన్నీ వాటి టైపులు (ఒకే ఫ్యామిలీలో కొలతల తేడాలు). మొదలుపెట్టేటప్పుడు ఎంచుకునే టెంప్లేటు దగ్గర మాత్రం జాగ్రత్త. గోడ ఆధారంగా మొదలుపెట్టిన ఫ్యామిలీని తర్వాత గోడ అక్కర్లేనిదిగా మార్చలేం.

పాత లైబ్రరీ నుంచి నిజంగా పనికొచ్చే సొత్తు ఇక్కడ అక్కరకొస్తుంది, అది గీతలు కాదు, కొలతల పట్టిక. ఆటోక్యాడ్‌లో అట్రిబ్యూట్లని డేటా ఎక్స్‌ట్రాక్షన్‌తో పట్టికగా బయటికి తీయొచ్చు. రెవిట్‌కేమో టైప్ క్యాటలాగ్ అనే సౌకర్యం ఉంది. ఫ్యామిలీ పేరే పెట్టిన ఒక మామూలు టెక్స్ట్ ఫైలు పక్కనే ఉంచితే, అందులోని ఒక్కో వరుసా ఒక్కో టైపు అవుతుంది. మొదటి వరుసలో కొలత పేరు, రకం, యూనిట్ రెండేసి హ్యాష్ గుర్తులతో విడదీసి రాయాలి. మూడున్నర అడుగుల సింహద్వారం, మూడడుగుల పడగ్గది తలుపు, రెండున్నర అడుగుల బాత్రూమ్ తలుపు, అన్నీ ఏడడుగుల ఎత్తు. వీటిని చేత్తో టైపు చేయకుండా పట్టిక నుంచి పట్టికలోకి పంపొచ్చు.

అడుగుల్ని మిల్లీమీటర్లు చేసేటప్పుడు ఒక నిర్ణయం తీసుకోవాలి. మూడడుగులంటే 914.4 మి.మీ. కొందరు 915 అని రాస్తారు, కొందరు 900కి దింపేస్తారు. 900 అని రాస్తే డ్రాయింగు అందంగా ఉంటుంది, కానీ వడ్రంగి ద్వారబంధం అడుగుల టేపుతో చేస్తాడు. లైబ్రరీ మొత్తానికి ఒకే పద్ధతి పెట్టి, అది రాసి ఉంచకపోతే ఇద్దరు డ్రాఫ్ట్స్‌మన్లు రెండు రకాల తలుపులు పెడతారు.

షేర్డ్ పారామీటర్ల (పలు ఫ్యామిలీలు, ప్రాజెక్టులు పంచుకునే సమాచార గడుల) విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. రెవిట్ వాటిని పేరుతో గుర్తుపట్టదు, లోపలున్న పొడవాటి గుర్తింపు సంఖ్యతో గుర్తుపడుతుంది. ఇద్దరు విడివిడిగా "ఫైర్ రేటింగ్" అనే పారామీటరు తయారుచేస్తే, పేరొకటే అయినా రెవిట్ దృష్టిలో అవి రెండు. షెడ్యూల్లో సగం గడులు ఖాళీగా వస్తాయి. అందుకని పారామీటర్ల ఫైలు ఆఫీసుకి ఒక్కటే ఉండాలి, ఒక్కరి చేతిలో ఉండాలి.

ఎదురుదారి

రెవిట్ నుంచి డీడబ్ల్యూజీకి రావాల్సిన అవసరం కూడా తరచు పడుతుంది. స్ట్రక్చరల్ ఇంజినీరు అడుగుతాడు, మున్సిపాలిటీ అడుగుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆన్‌లైన్ ప్లాన్ అనుమతులు వచ్చాక డ్రాయింగుని సాఫ్ట్‌వేరే చదివి సెట్‌బ్యాక్‌లు, ఏరియాలు లెక్కగడుతోంది. ఫలానా వస్తువు ఫలానా పేరున్న లేయర్లో లేకపోతే దానికి ఆ వస్తువు లేనట్టే. ఇక్కడ లైబ్రరీ అందం కన్నా లేయర్ల క్రమశిక్షణ ముఖ్యం.

రెవిట్ ఎక్స్‌పోర్టులో ఒక్కో తలుపూ బ్లాకుగానే వస్తుంది గానీ, దాని పేరులో ఫ్యామిలీ పేరు, టైపు పేరు, ఆ తలుపు గుర్తింపు సంఖ్య, వ్యూ పేరు అన్నీ కలిసిపోతాయి. ఒకేలాంటి తలుపులు వేర్వేరు బ్లాకులుగా దిగుతాయి. వాటినే కొత్త ఆటోక్యాడ్ లైబ్రరీగా దాచుకుందామనుకుంటే చెత్త పోగవుతుంది. ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల్లో లేయర్ల పట్టిక ఒకసారి సరిగ్గా నింపి, ఆ ఫైలుని ప్రాజెక్టులన్నిటికీ వాడుకోవడం మేలు.

స్కెచప్‌లోకి డీడబ్ల్యూజీ తెచ్చేటప్పుడు బ్లాకులు కాంపోనెంట్లుగా, లేయర్లు ట్యాగులుగా వస్తాయి. అక్షరాలు, డైమెన్షన్లు, హ్యాచ్ రావు. అంగుళంలో వెయ్యో వంతు కన్నా చిన్న వివరాల్ని స్కెచప్ కలిపేస్తుంది. కుళాయి, తలుపు పిడి లాంటి చిన్న వస్తువుల ముఖాలు మూసుకోకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. వస్తువుని పదో వందో రెట్లు పెద్దదిగా తెచ్చి, పని అయ్యాక తగ్గిస్తే సమస్య తీరుతుంది.

మరి ఐఎఫ్‌సీ సంగతేంటి?

సమాధానం అక్కడుందని సమావేశాల్లో తరచు వింటాం. ఐఎఫ్‌సీ ఎవరి సొత్తూ కాని బహిరంగ రూపం, బిల్డింగ్‌స్మార్ట్ దాన్ని నడుపుతుంది, 2013లో ఐఎస్ఓ 16739 ప్రమాణమైంది. అందులో తలుపు తాను తలుపునని చెప్పగలదు, తన వెడల్పు, ఫైర్ రేటింగ్ చెప్పగలదు. డీడబ్ల్యూజీ మోయలేని సమాచారాన్ని ఇది మోస్తుంది. కానీ ఇది పుట్టింది తయారైన భవనాన్ని ఒకరి నుంచి ఇంకొకరికి అందించడానికి, తలుపు తయారుచేసే నియమాల్ని అందించడానికి కాదు. ఎక్కువగా వాడే రిఫరెన్స్ వ్యూ అనే ఐఎఫ్‌సీ రకం ఉద్దేశమే చూసి సమన్వయం చేసుకోవడం, అందుకున్నవాళ్లు దిద్దుకోవడం అందులో లక్ష్యం కాదు. ఐఎఫ్‌సీ నుంచి రెవిట్‌లోకి వచ్చిన తలుపు కొలత మార్చబోతే చాలావరకు కదలని ముద్దలా ఉంటుంది. ఆర్కిక్యాడ్ ఇటీవలి కూర్పులు రెవిట్ ఫ్యామిలీని నేరుగా జీడీఎల్ వస్తువుగా తీసుకోగలవు. అక్కడా వచ్చేది ఆకారమే, ఫార్ములాలు కాదు.

ఈ ఇబ్బందుల ఖరీదు చిన్నదేం కాదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2004లో ఇచ్చిన నివేదిక ప్రకారం, సాఫ్ట్‌వేర్ల మధ్య సమాచారం సరిగ్గా మారకపోవడం వల్ల ఆ దేశంలో పెద్ద భవనాల రంగానికి 2002లో 1,580 కోట్ల డాలర్ల నష్టం. అందులో ఎక్కువ భాగం భరించింది భవనాల యజమానులు, నిర్వాహకులు. గీసినవాళ్లు కాదు.

ఏది మోయాలి

లైబ్రరీ మొత్తాన్ని మోయాలనుకోవడమే మొదటి పొరపాటని నా అభిప్రాయం. ఈ మధ్య చేసిన ప్రాజెక్టులు తెరిచి ఏ బ్లాకులు నిజంగా వాడారో లెక్క తీస్తే, వేలల్లో ఉన్న లైబ్రరీలో పనికొచ్చేవి వందల్లో తేలతాయి. కార్లు, చెట్లు, మనుషుల బొమ్మలు, ఫర్నిచర్ ప్లాన్లు, వీటికి ప్రవర్తన అక్కర్లేదు. వీటిని ఆకారంగానే మార్చేయొచ్చు, లేదా కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవే వాడుకోవచ్చు. తలుపులు, కిటికీలు, మెట్లు, టైటిల్ బ్లాకు మాత్రం కొత్త చోట కొత్తగా కట్టాల్సిందే. మిగతా వాటిని పాత ఫోల్డర్‌లోనే ఉండనివ్వండి, అవసరమైన రోజున తీసుకోవచ్చు.

మార్చబోయే బ్లాకుల్ని పాత ప్రోగ్రాములోనే శుభ్రం చేయడం మేలు. యూనిట్లు ఒక్కటి చేసి, బేస్ పాయింటుని అర్థమయ్యే చోటికి తెచ్చి (తలుపుకైతే బందుల మూల), లోపలి గీతల్ని సున్నా లేయర్లో బైలేయర్ (లేయర్ రంగునే తీసుకునే) రంగుతో పెట్టి, పర్జ్ కొట్టి (వాడనివి తీసేసి), పేర్లు సరిచేయాలి. ఆటోక్యాడ్ ఆర్కిటెక్చర్‌లో తయారైన గోడలు, తలుపులు ఉంటే వాటిని ముందే మామూలు ఆటోక్యాడ్ వస్తువులుగా ఎక్స్‌పోర్ట్ చేయాలి, లేకపోతే అవతల ముట్టుకోలేని ప్రాక్సీలుగా పడతాయి.

పరీక్షకి పెద్ద ప్రాజెక్టు వద్దు. ఒక గది చాలు. ఒక గోడ తొమ్మిది అంగుళాలు, ఒకటి నాలుగున్నర. రెండింట్లోనూ అదే తలుపు పెట్టి, రంధ్రం అటునుంచి ఇటు తెగిందా, ద్వారబంధం గోడ మందానికి సర్దుకుందా, వెడల్పు మారిస్తే ప్లాన్‌లో ఆర్క్ కూడా మారిందా, షెడ్యూల్లో రెండు తలుపులు ఒకే పేరుతో వచ్చాయా, ప్రింటులో గీతల మందం పాతదానిలాగే ఉందా చూడాలి. ఈ గది పాసైతేనే మిగతా లైబ్రరీకి చెయ్యి పెట్టాలి.

పాత చందా గడువు ముగిసేలోపే ఇదంతా జరగాలి. డీడబ్ల్యూజీ ఫైళ్లకి కొంత వెసులుబాటుంది. ఆటోడెస్క్ ఉచితంగా ఇచ్చే డీడబ్ల్యూజీ ట్రూవ్యూతో వాటిని తెరిచి చూడొచ్చు, పాత కూర్పుల్లోకి మార్చొచ్చు. ఆటోక్యాడ్ 2018తో వచ్చిన ఫైలు రూపం తర్వాతి కూర్పుల్లోనూ ఏళ్ల తరబడి అలాగే కొనసాగింది. రెవిట్‌కి ఆ దయ లేదు. కొత్త ఏడాది కూర్పులో సేవ్ చేసిన ఫ్యామిలీ పాత ఏడాది కూర్పులో తెరుచుకోదు, కిందికి సేవ్ చేసే దారీ లేదు. కాబట్టి రెవిట్ వదిలి వెళ్లేవాళ్లు ప్రతి ఫ్యామిలీ నుంచి ప్లాన్, ఎలివేషన్ డీడబ్ల్యూజీగా, 3డీ ఆకారం విడిగా, టైపుల పట్టిక టెక్స్ట్ ఫైలుగా లైసెన్స్ ఉండగానే తీసి పెట్టుకోవాలి. ఫార్ములాల్ని స్క్రీన్‌షాట్ తీసుకోండి. కొత్త చోట అవే మళ్లీ రాయాల్సివస్తుంది.